కంప్రెసర్ గాలి తగ్గిందా? వాల్యూమెట్రిక్ ఎఫిషియెన్సీ మీరే కొలుచుకుని సరిచేసుకునే పద్ధతి

"మోటారు బాగానే తిరుగుతోంది, ట్యాంకు మాత్రం నిండడం లేదు. రింగులు మార్చమంటారా, కొత్తది కొనమంటారా?" చీమకుర్తి గ్రానైట్ యూనిట్ల వాళ్లు, బుచ్చి, కోవూరు వైపు రైస్ మిల్లుల వాళ్లు, హైవే పక్కన టైరు షాపులు పెట్టుకున్నవాళ్లు మళ్లీ మళ్లీ అడుగుతున్న ప్రశ్న ఇదే. నా సమాధానం ఎప్పుడూ ఒకటే: ముందు కొలవండి. గంట పని, ఖర్చు దాదాపు ఏమీ ఉండదు. కొలవకుండా హెడ్డు విప్పితే ఏది పాడైందో తెలియక అన్నీ మార్చేస్తాం, డబ్బు పోతుంది, గాలి మాత్రం అంతే ఉంటుంది.

ఇక్కడ చెప్పేది ప్రధానంగా పిస్టన్ కంప్రెసర్ గురించి. డీజిల్ ఇంజిన్‌కీ ఇదే సూత్రం కాస్త మార్పుతో వర్తిస్తుంది, అది చివర్లో ఉంది.

## 1. కొలిచేది దేన్ని?

పిస్టన్ కిందికి దిగినప్పుడు సిలిండర్‌లో కొంత ఖాళీ ఏర్పడుతుంది. ఆ ఖాళీ మొత్తం బయటి గాలితో నిండితే వంద శాతం. నిజంగా అంత ఎప్పుడూ నిండదు. ఎంత నిండి ట్యాంకుకి చేరుతోందో ఆ శాతమే వాల్యూమెట్రిక్ ఎఫిషియెన్సీ. కింద దీన్ని వీఈ అంటాను.

వీఈ = ట్యాంకుకి నిజంగా చేరిన గాలి ÷ పిస్టన్లు ఊడ్చిన ఖాళీ.

పైన ఉన్న అంకెను ఎఫ్‌ఏడీ అంటారు, అంటే బయటి వాతావరణ స్థితికి లెక్కకట్టిన గాలి. కింద ఉన్నది స్వెప్ట్ వాల్యూమ్. మొదటిది ట్యాంకు నింపి కొలుస్తాం, రెండోది కొలతల నుంచి లెక్కేస్తాం.

## 2. ముందుగా సిద్ధం చేసుకోవాల్సినవి

- సెకన్లు చూపే స్టాప్‌వాచ్, ఫోన్‌లోది చాలు
- నమ్మకమైన ప్రెజర్ గేజి
- ఆర్‌పీఎం కొలిచే టాకోమీటర్, చవకరకం డిజిటల్‌ది సరిపోతుంది
- రెండు థర్మామీటర్లు, ఒకటి ఫిల్టర్ మూతి దగ్గరికి, ఇంకోటి ట్యాంకుకి
- మేస్త్రీలు వాడే పారదర్శకమైన లెవల్ పైపు రెండు మీటర్లు
- బోరు (సిలిండర్ లోపలి రంధ్రం), స్ట్రోకు (పిస్టన్ పైకీ కిందికీ కదిలే దూరం) కొలతలు, కంపెనీ పుస్తకం నుంచి గానీ పాత లేత్ షాపు చీటీ నుంచి గానీ
- ట్యాంకు లీటర్లు, ట్యాంకు మీద ప్లేటు చూడండి

గేజి గురించి ఒక మాట. ట్యాంకు ఖాళీగా ఉన్నప్పుడు ముల్లు సున్నా మీద నిలబడకపోతే ఆ గేజితో కొలవకండి. షాపుల్లో చూసే గేజిల్లో ఇలాంటివి చాలానే ఉంటాయి. కొత్త గేజి ఖర్చు పెద్దది కాదు, తప్పు గేజితో వేసిన లెక్క మాత్రం మిమ్మల్ని పూర్తిగా దారి తప్పిస్తుంది.

భద్రత విషయంలో రాజీ పడకండి. సేఫ్టీ వాల్వు రింగు లాగి అది తెరుచుకుంటోందో లేదో చూశాకే పరీక్ష మొదలుపెట్టండి. ఏ నట్టు విప్పాలన్నా ముందు మెయిన్ స్విచ్ ఆపి, ఫ్యూజు తీసి దగ్గర పెట్టుకుని, ట్యాంకు, పైపు, ఇంటర్‌కూలర్ (రెండు స్టేజీల మధ్య గాలిని చల్లార్చేది) అన్నింట్లోని గాలి పూర్తిగా వదిలేయండి. ఆటోమేటిక్ ప్రెజర్ స్విచ్ ఉన్న కంప్రెసర్ మీరు చెయ్యి పెట్టినప్పుడే దానంతట అది స్టార్ట్ కావచ్చు, కాబట్టి స్విచ్ ఒక్కటి ఆపితే చాలదు.

## 3. స్వెప్ట్ వాల్యూమ్ లెక్క

బోరు వ్యాసాన్ని సెంటీమీటర్లలో తీసుకుని దాన్ని దానితోనే గుణించి, 0.785తో గుణించండి. వచ్చిన దాన్ని స్ట్రోకుతో, తర్వాత సిలిండర్ల సంఖ్యతో, చివరగా ఆర్‌పీఎంతో గుణించి 1000తో భాగిస్తే నిమిషానికి లీటర్లు వస్తాయి.

ఉదాహరణకి బోరు 70 మి.మీ., స్ట్రోకు 80 మి.మీ., ఒకే స్టేజీ (గాలిని ఒక్క విడతలోనే నొక్కేది), రెండు సిలిండర్లు, 900 ఆర్‌పీఎం.

7 × 7 × 0.785 = 38.5. దాన్ని 8తో గుణిస్తే 308 సీసీ. రెండు సిలిండర్లకి 616 సీసీ. 900 చుట్లకి సుమారు 554 లీటర్లు. 28.3తో భాగిస్తే 19.6 సీఎఫ్‌ఎం, అంటే నిమిషానికి ఘనపుటడుగులు.

రెండు చోట్ల జాగ్రత్త.

మొదటిది, రెండు స్టేజీల కంప్రెసర్ అయితే పెద్ద సిలిండర్‌ని, అంటే ఎల్‌పీ (తక్కువ ప్రెజర్) వైపుని మాత్రమే లెక్కేయాలి. చిన్న సిలిండర్ బయటి గాలి పీల్చదు, ఎల్‌పీ ఇచ్చిన దాన్నే మళ్లీ నొక్కుతుంది. రెండూ కలిపేస్తే వీఈ దారుణంగా తక్కువ వచ్చినట్టు కనిపించి అనవసరంగా టెన్షన్ పడతారు.

రెండోది, ఆర్‌పీఎం టాకోమీటర్‌తోనే కొలవాలి. అది కూడా ట్యాంకులో 5 కేజీల (చదరపు సెంటీమీటరుకి) పైన ప్రెజర్ ఉండి మోటారు మీద లోడు పడినప్పుడు. మోటారు ప్లేటు మీద 1440 అని రాసి ఉంటుంది, పుల్లీల నిష్పత్తితో 900 అని లెక్క తేలుతుంది, కానీ బెల్టు జారుతుంటే ఫ్లైవీల్ తిరిగేది 820 కావచ్చు. అది వీఈ తప్పు కాదు, బెల్టు తప్పు. టౌనుకి దూరంగా, లైను చివర ఉన్న షెడ్లలో వోల్టేజీ పడిపోయినప్పుడు కూడా లోడు మీద మోటారు వేగం తగ్గుతుంది. కాబట్టి గాలి తగ్గిందనగానే ముందు చుట్లు తగ్గాయా, చుట్టుకి వచ్చే గాలి తగ్గిందా అన్నది తేల్చుకోండి. ఈ రెండింటికీ వైద్యం వేరు.

## 4. ట్యాంకు నింపే పరీక్ష, వరుసగా

1. కంప్రెసర్‌ని ఓ పదిహేను నిమిషాలు మామూలుగా నడిపి వేడెక్కనివ్వండి. చల్లటి మెషీన్ మీద వచ్చే అంకె వేరు, పనిలో ఉన్నప్పటి అంకె వేరు.
2. ఆపి, గాలి మొత్తం వదిలేయండి.
3. డ్రెయిన్ కాక్ తెరిచి ట్యాంకులోని నీళ్లు చివరి చుక్క దాకా పోనివ్వండి. ఇది మర్చిపోతే మొత్తం పరీక్ష వృథా. 220 లీటర్ల ట్యాంకులో 20 లీటర్ల నీళ్లుంటే గాలికి మిగిలేది 200 లీటర్లే, అది తొందరగా నిండుతుంది, మీరేమో మెషీన్ బ్రహ్మాండంగా ఉందనుకుంటారు. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాల తేమలో మన కోస్తాలో ట్యాంకుల్లో నీళ్లు చాలా త్వరగా చేరతాయి.
4. డ్రెయిన్ మూసి, ట్యాంకు నుంచి బయటికి వెళ్లే మెయిన్ వాల్వు పూర్తిగా మూయండి. కుదిరితే అవుట్‌లెట్ పైపు ఊడదీసి డమ్మీ బిగించండి, ఎందుకంటే పాత బాల్ వాల్వులు మూసినా కారుతుంటాయి.
5. ఫిల్టర్ మూతి దగ్గరి గాలి వేడి రాసుకోండి. షెడ్డు బయట నీడలో వేడి కూడా రాసుకోండి, తర్వాత అవసరం పడుతుంది.
6. స్టార్ట్ చేసి, స్టాప్‌వాచ్ నొక్కండి.
7. ముల్లు 5 కేజీలు దాటినప్పుడు టైము, 7 కేజీలు తాకినప్పుడు టైము, రెండూ రాసుకోండి.
8. 7 దగ్గర ఆపగానే ట్యాంకు వేడి చూడండి. థర్మామీటర్‌ని ట్యాంకు గోడకి ఆనించి పైన గుడ్డ మడిచి కట్టి ఉంచితే సరైన అంకెకి దగ్గరగా వస్తుంది.
9. ఆపాక పది నిమిషాలు అలాగే వదిలి ముల్లు ఎంత దిగిందో చూడండి. గాలి చల్లారడం వల్ల కొంచెం దిగడం సహజం. అదేపనిగా దిగుతుంటే ట్యాంకు దగ్గరో, నాన్ రిటర్న్ వాల్వు దగ్గరో లీకు ఉన్నట్టు. సబ్బు నీళ్లు రాసి బుడగలు ఎక్కడొస్తున్నాయో వెతకండి. లీకు సరిచేశాకే మళ్లీ మొదటి నుంచి.
10. ఇదే పరీక్ష మూడుసార్లు చేసి మధ్యస్థంగా వచ్చిన టైము తీసుకోండి.

## 5. లెక్క

ఎఫ్‌ఏడీ = (పెరిగిన ప్రెజర్ ÷ 1.033) × ట్యాంకు లీటర్లు ÷ నిమిషాలు. ఇక్కడ 1.033 అన్నది సముద్ర మట్టం దగ్గర వాతావరణ ప్రెజర్, కేజీల్లో. నెల్లూరు, ఒంగోలు ఊళ్లు సముద్రానికి దగ్గర కాబట్టి ఇదే అంకె వాడుకోవచ్చు. ట్యాంకు లీటర్లకి హెడ్డు నుంచి ట్యాంకు దాకా ఉన్న పైపు లీటర్లు కూడా కలపండి.

వేడి సవరణ మరిచిపోవద్దు. ట్యాంకులో వేడిగా ఉన్న గాలి ఎక్కువ ప్రెజర్ చూపిస్తుంది, అది నిజమైన గాలి కాదు. (273 + బయటి వేడి) ÷ (273 + ట్యాంకు వేడి) ఎంతో చూసి, దానితో గుణించాలి.

పైన చెప్పిన మెషీన్‌కే లెక్క చూద్దాం. ట్యాంకు, పైపు కలిపి 222 లీటర్లు. సున్నా నుంచి 7కి 230 సెకన్లు, అందులో 5 నుంచి 7కి పట్టింది 70 సెకన్లు. బయట 35 డిగ్రీలు, ట్యాంకు 55 డిగ్రీలు.

సవరణ: 308 ÷ 328 = 0.939.

సున్నా నుంచి 7: 7 ÷ 1.033 × 222 ÷ 3.83 × 0.939 = సుమారు 369 లీటర్లు. 554తో భాగిస్తే 66.6 శాతం.

5 నుంచి 7: 2 ÷ 1.033 × 222 ÷ 1.167 × 0.939 = సుమారు 346 లీటర్లు. అంటే 62.4 శాతం.

ఒకే మెషీన్‌కి రెండు అంకెలు ఎందుకు? ప్రెజర్ పెరిగే కొద్దీ వీఈ పడిపోతుంది కాబట్టి. ట్యాంకు ఖాళీగా ఉన్నప్పుడు పని సులువు, సగటు బాగా కనిపిస్తుంది. మీ పని నడిచేది 5–7 మధ్య అయితే మీకు కావాల్సింది రెండో అంకే. ఈ మెషీన్ మీద 19.6 సీఎఫ్‌ఎం అని రాసి ఉన్నా పనికొచ్చేది 12 సీఎఫ్‌ఎం చిల్లర.

## 6. వచ్చిన అంకె మంచిదా, చెడ్డదా?

ఒకే స్టేజీ ఉన్న చిన్న కంప్రెసర్ 7 కేజీల దగ్గర 65–70 శాతం ఇస్తుంటే దాన్ని కదిలించకండి. రెండు స్టేజీలది 75–80 ఇవ్వాలి. 60 కంటే కింద ఉంటే వెతకాల్సిందే.

వంద శాతం ఎందుకు రాదో తెలిస్తే ఎక్కడ వెతకాలో తెలుస్తుంది. పిస్టన్ పైకొచ్చాక కూడా హెడ్డుకీ దానికీ మధ్య కొంచెం సందు మిగులుతుంది, వాల్వు రంధ్రాల్లో కూడా మిగులుతుంది. అక్కడ చిక్కుకున్న గాలి 7 కేజీల ప్రెజర్‌తో ఉంటుంది. పిస్టన్ దిగడం మొదలెట్టగానే ముందు ఆ పాత గాలి వ్యాకోచించి చోటు ఆక్రమిస్తుంది, అది బయటి ప్రెజర్ దాకా పడిపోతే తప్ప సక్షన్ వాల్వు తెరుచుకోదు. నిండుగా ఉన్న బస్సులోంచి జనం దిగితే గానీ కొత్తవాళ్లు ఎక్కలేరు, అంతే.

ఆ సందు సిలిండర్ ఖాళీలో 5 శాతం ఉంటే, 7 కేజీల దగ్గర ఒకే స్టేజీ మెషీన్‌కి ఈ ఒక్క కారణంతోనే వీఈ దాదాపు 80 శాతానికి దిగుతుంది. 8 శాతం అయితే 68కి పడుతుంది. అదే 5 శాతం సందుతో పనిని రెండు స్టేజీలుగా పంచితే 94 దగ్గర నిలుస్తుంది. దీనికి పైన వాల్వు లీకులు, లోపలి వేడి, రింగుల లీకు అన్నీ కలుస్తాయి.

## 7. గాలి ఎక్కడ పోతోందో వెతికే వరుస

ఈ వరుస మార్చకండి. ఖర్చు లేనిది ముందు, హెడ్డు విప్పాల్సింది తర్వాత, రింగులు అన్నింటికంటే ఆఖరున. ఊళ్లో చాలామంది మెకానిక్కులు దీన్ని తలకిందులుగా చేస్తారు, అది నాకు అస్సలు నచ్చని అలవాటు.

### 7.1 ఫిల్టర్

ఫిల్టర్‌కీ హెడ్డుకీ మధ్య చిన్న రంధ్రం గానీ ప్లగ్గు గానీ ఉంటే అక్కడ లెవల్ పైపు ఒక చివర గాలి జొరబడకుండా బిగించండి. పైపుని యూ ఆకారంలో వంచి సగం నీళ్లు పోసి, రెండో చివర గాలికి వదిలేయండి. మెషీన్ నడుస్తున్నప్పుడు రెండు వైపుల నీటి మట్టాల తేడా కొలవండి. నీళ్లు ఎగిరెగిరి పడుతుంటే పైపుని వేళ్లతో కాస్త నొక్కి పట్టుకోండి, మట్టం నిలబడుతుంది.

గుర్తుపెట్టుకోవడానికి సులువైన లెక్క: ప్రతి 10 సెం.మీ. నీటి తేడాకి సుమారు ఒక శాతం గాలి పోతుంది, ఎందుకంటే వాతావరణ ప్రెజర్ మొత్తం పది మీటర్ల పైచిలుకు నీటి ఎత్తుకి సమానం. తేడా 20 సెం.మీ. దాటితే ఫిల్టర్ మార్చండి.

చీమకుర్తి క్వారీల దుమ్ములో, రైస్ మిల్లుల ఊక దుమ్ములో ఫిల్టర్ మార్చే గడువుని పుస్తకం చూసి కాకుండా ఈ నీటి మట్టం చూసి నిర్ణయించుకోవడమే మేలు. పేపర్ ఎలిమెంట్‌ని దులిపి మళ్లీ వేయడం ఒకటి రెండుసార్లు సరే. లోపలి నుంచి బయటికి తక్కువ ప్రెజర్‌తో ఊదండి. వెలుగులో పెట్టి చూస్తే సూది బెజ్జమంత కాంతి కనిపించినా పారేయండి, ఆ బెజ్జం గుండా వెళ్లే రాతి దుమ్ము లైనరుని (సిలిండర్ లోపలి గొట్టాన్ని) గీసేస్తుంది.

### 7.2 పీల్చే గాలి వేడి

ఇందాక రెండు చోట్ల వేడి రాసుకోమన్నది దీనికే. షెడ్డు బయట నీడలో 38 ఉండి ఫిల్టర్ దగ్గర 48 ఉందంటే, ఆ 10 డిగ్రీల వల్లే గాలి బరువు సుమారు 3 శాతం తగ్గింది. రోహిణి కార్తెలో రేకుల షెడ్డు కింద ఈ తేడా ఇంకా ఎక్కువే ఉండొచ్చు. ఫిల్టర్‌ని పైపుతో ఉత్తరం గోడ బయటికి, వాన పడకుండా చిన్న గొడుగు పెట్టి, తెచ్చేయండి. పైపు సైజు కంప్రెసర్ ఇన్‌లెట్ కంటే తగ్గకూడదు, పొడవు ఎక్కువైతే ఒక సైజు పెంచండి. జనరేటర్ పొగ గొట్టం, టాయిలెట్ గాలి, గ్రానైట్ కట్టర్ల తుంపర, ఇవేవీ దగ్గరలో ఉండకూడదు.

### 7.3 వాల్వులు

గాలి తగ్గిందన్న కేసుల్లో నేను మొదట అనుమానించేది వీటినే.

హెడ్డు విప్పకుండానే కొంత తెలుసుకోవచ్చు. ఫిల్టర్ మూతి దగ్గర పల్చటి కాగితం ముక్క పట్టుకోండి. లోపలికి మాత్రమే లాగుతుంటే మంచిదే. ప్రతి చుట్టుకీ బయటికి తంతుంటే సక్షన్ వాల్వు మూసుకోవడం లేదు. రెండు సిలిండర్లలో ఒక హెడ్డు మాత్రం మిగతా దానికంటే చాలా వేడిగా ఉంటే దాని డెలివరీ వాల్వు (గాలిని ట్యాంకు వైపు పంపేది) లీకవుతోందని అనుమానించండి. ట్యాంకు వైపు నుంచి వేడి గాలి వెనక్కొచ్చి మళ్లీ నలుగుతుంది కాబట్టి ఆ వేడి.

విప్పాల్సి వస్తే ఇలా చేయండి.

- విప్పే ముందు ఫోన్‌తో నాలుగు వైపులా ఫోటోలు తీయండి. ఏ స్ప్రింగు ఎటు ఉందో తర్వాత గుర్తుండదు.
- మసిని ఇత్తడి బ్రష్‌తో తీయండి. ఉలి, స్క్రూడ్రైవర్ పెట్టి గీకితే సీటు మీద పడిన గీతే కొత్త లీకు.
- పెట్రోలుతో కడగొద్దు. లోపల మిగిలిన ఆవిరి, డెలివరీ వేడి, ఆయిల్ మసి కలిస్తే పేలుడు జరగొచ్చు. సబ్బు నీళ్లతో కడిగి పూర్తిగా ఆరబెట్టండి.
- సీటు మీద చిన్న గీతలుంటే మందపాటి అద్దం మీద సన్నటి లాపింగ్ పేస్టు రాసి, 8 అంకె తిప్పినట్టు తిప్పుతూ అరగదీయండి. గోరుకి తగిలేంత గీత అయితే సీటు మార్చడమే.
- అరిగిన వాల్వు ప్లేటుని తిరగేసి వేయకండి. పాత అరుగుదల గీత దగ్గర పగిలి ముక్క సిలిండర్‌లో పడితే పిస్టన్, లైనరు రెండూ పోతాయి.
- బిగించాక, వాల్వు మీద నీళ్లు పోసి రెండు నిమిషాలు చూడండి. అవతలికి చెమ్మ మాత్రమే వస్తే సరే, చుక్కలు కారితే మళ్లీ అరగదీయాలి. తర్వాత మళ్లీ ఆరబెట్టండి.

ముత్తుకూరు, కొత్తపట్నం లాంటి తీరం పక్క ఊళ్లలో, రొయ్యల చెరువుల దగ్గర ఉప్పు గాలి వల్ల నెలల తరబడి ఆపి ఉంచిన మెషీన్లలో వాల్వు ప్లేట్లు తుప్పు పట్టి గుంటలు పడతాయి. చెరువు ఖాళీగా ఉన్న కాలంలో కూడా వారానికోసారి పది నిమిషాలు నడపండి.

### 7.4 గాస్కెట్ మందం

ఎవరూ పట్టించుకోనిదీ, ఎక్కువ నష్టం చేసేదీ ఇదే. హెడ్డు కింద వేసే అసలు గాస్కెట్ దొరక్క షీటు కొని కత్తిరించి వేస్తారు. అది ఒక మి.మీ. మందం ఎక్కువైతే ఏమవుతుందో చూడండి. 80 మి.మీ. స్ట్రోకులో 1 మి.మీ. అంటే 1.25 శాతం అదనపు సందు. ఆ సందులో చిక్కిన గాలి 7 కేజీల నుంచి వ్యాకోచించి దాదాపు ఐదింతలవుతుంది, కాబట్టి వీఈలో పోయేది దాదాపు 5 పాయింట్లు. ఒక్క గాస్కెట్ వల్ల!

కొలిచే పద్ధతి: ప్లగ్గు గానీ వాల్వు గానీ తీసి, మెత్తటి సోల్డరింగ్ తీగ రెండు ముక్కల్ని పిస్టన్ మీద ఎదురెదురుగా, గడ్జన్ పిన్ను (పిస్టన్‌ని రాడ్డుకి కలిపే పిన్ను) ఉన్న వరుసలో పెట్టండి. వేరే చోట పెడితే పిస్టన్ ఒక పక్కకి వాలి కొలత తప్పుతుంది. అన్నీ బిగించి ఫ్లైవీల్‌ని చేత్తో ఒక్క చుట్టు తిప్పండి. నలిగిన తీగ మందాన్ని వెర్నియర్‌తో కొలిచి పుస్తకంలో ఉన్న పరిమితితో పోల్చుకోండి. ఎక్కువుంటే పల్చటి గాస్కెట్, తక్కువుంటే మందంది. సందు బాగా తగ్గిద్దామని అత్యాశకి పోవద్దు, వేడికి రాడ్డు సాగి పిస్టన్ హెడ్డుకి కొట్టుకుంటుంది.

హెడ్డు బోల్టులు ఎదురెదురు వరుసలో, మూడు విడతల్లో బిగించండి. స్విచ్ వేసే ముందు చేత్తో రెండు చుట్లు తిప్పి ఎక్కడా పట్టేయడం లేదని చూసుకోండి. సక్షన్, డెలివరీ వాల్వులు తారుమారై ఉంటే ఇక్కడే తెలుస్తుంది.

### 7.5 రింగులు, ఆఖరున

పైవన్నీ సరిచేసి మళ్లీ పరీక్ష చేశాక కూడా అంకె లేవకపోతే అప్పుడు రింగులు. క్రాంక్ కేసు బ్రీదర్ నుంచి బుసబుసమని గాలి కొట్టడం, డ్రెయిన్ నీళ్లలో ఆయిల్ తెల్లగా కలిసి రావడం, ఆయిల్ లెవెల్ తరచూ పడిపోవడం దీనికి గుర్తులు. లైనరు అరుగుదల కొలవకుండా కొత్త రింగులు వేయించకండి. కోడిగుడ్డు ఆకారానికి అరిగిన బోరులో కొత్త రింగులు కూడా గాలి ఆపలేవు.

## 8. రెండు స్టేజీల మెషీన్ అయితే

ఇంటర్‌కూలర్ మీద చిన్న గేజి ఉంటుంది. చాలామంది దాని వైపు కూడా చూడరు, కానీ రోగం ఏ వైపుందో చెప్పేది అదే. ట్యాంకు 7 కేజీల దగ్గర ఉన్నప్పుడు ఇది ఇంచుమించు 2 కేజీల దగ్గర ఉండాలి. మీ మెషీన్ మామూలు అంకె ఎంతో కొత్తగా ఉన్నప్పుడే రాసిపెట్టుకోండి.

- మామూలు కంటే బాగా ఎక్కువ, లేదా ఇంటర్‌కూలర్ సేఫ్టీ వాల్వు కొడుతోంది: హెచ్‌పీ (ఎక్కువ ప్రెజర్, చిన్న సిలిండర్) వైపు వాల్వులు లీకవుతున్నాయి.
- మామూలు కంటే బాగా తక్కువ: ఎల్‌పీ వాల్వులు గానీ ఎల్‌పీ రింగులు గానీ లీకవుతున్నాయి, లేదా ఫిల్టర్ పూడుకుపోయింది.

ఆ సేఫ్టీ వాల్వు కొడుతోందని దాని స్ప్రింగు బిగించేయడం ప్రాణాల మీదికి తెచ్చే పని. అది చెబుతున్న తప్పుని వెతకండి. ఇంటర్‌కూలర్ రెక్కల్లో దుమ్ము చేరితే హెచ్‌పీకి వేడి గాలి వెళ్తుంది, కాబట్టి దాన్ని కూడా శుభ్రం చేసుకోండి.

## 9. తరచూ జరిగే పొరపాట్లు, వాటికి సర్దుబాట్లు

గాలి తగ్గిందని పుల్లీ మార్చి స్పీడు పెంచడం. చుట్లు పెరిగితే గాలి కొంత పెరుగుతుంది గానీ వాల్వులు మూసుకునే టైము తగ్గి వీఈ ఇంకా పడుతుంది, వేడి పెరుగుతుంది, మోటారు ఓవర్‌లోడు అవుతుంది. పాత పుల్లీయే వేసి వాల్వులు చూడండి.

లైను లీకుని కంప్రెసర్ మీదికి నెట్టడం. 7 కేజీల దగ్గర 1 మి.మీ. రంధ్రం ఒక్కటి 2 సీఎఫ్‌ఎం పైనే తినేస్తుంది. పైన ఉదాహరణలోని 12 సీఎఫ్‌ఎం మెషీన్‌కి అది ఆరో వంతు. రైస్ మిల్లులో సార్టెక్స్‌కి (రంగు చూసి గింజల్ని వేరుచేసే మెషీన్) గాలి చాలక నల్ల గింజలు సరిగా తన్నడం లేదంటే, రాత్రి మెషీన్లన్నీ ఆపి కంప్రెసర్ ఒక్కటే ఆన్ చేసి మిల్లంతా నడిచి వినండి. బుస్సుమన్న శబ్దం వచ్చే ప్రతి చోటా కాగితం అతికించి గుర్తు పెట్టండి.

ప్రెజర్ సెట్టింగ్ పెంచడం. పని 5 కేజీలతో అయ్యేటప్పుడు కటాఫ్ 8కి పెడితే వీఈ తగ్గుతుంది, కరెంటు ఎక్కువ కాలుతుంది. మీ టూలుకి కావాల్సిన దానికంటే కొంచెం పైన పెట్టుకోండి.

ఏ ఆయిల్ పడితే అది పోయడం. ఇంజిన్ ఆయిల్ డెలివరీ వాల్వు మీద త్వరగా మసి కడుతుంది. కంప్రెసర్ ఆయిలే పోయండి.

## 10. డీజిల్ ఇంజిన్‌కి ఇదే లెక్క

ట్రాక్టర్, జనరేటర్, పంపుసెట్టు ఏదైనా నాలుగు స్ట్రోకుల ఇంజిన్ రెండు చుట్లకి ఒకసారే గాలి పీలుస్తుంది, కాబట్టి స్వెప్ట్ వాల్యూమ్‌ని ఆర్‌పీఎంలో సగంతో గుణించాలి. టర్బో లేని డీజిల్ ఇంజిన్ సాధారణంగా 80–90 శాతం ఇస్తుంది. టర్బో ఉంటే గాలిని నొక్కి పంపుతుంది కాబట్టి వంద దాటడం మామూలే.

గాలి తగ్గినా పంపు అదే డీజిల్ కొడుతూనే ఉంటుంది. అందుకే లోడు పడగానే నల్ల పొగ. చెరువు మీద ఏరేటర్లన్నీ ఒకేసారి ఆన్ చేసినప్పుడు జనరేటర్ నల్లగా దగ్గుతుంటే డీజిల్ పంపు ముట్టుకోకముందు ఈ వరుసలో చూడండి.

1. లెవల్ పైపుతో ఫిల్టర్ పరీక్ష, ఫుల్ లోడులో. చాలా డీజిల్ ఇంజిన్లకి గరిష్ఠ పరిమితి 50 నుంచి 65 సెం.మీ. నీటి మట్టం మధ్య ఉంటుంది, మీ ఇంజిన్ పుస్తకం చూడండి. ఆయిల్ బాత్ ఫిల్టర్ అయితే గీత దాకానే ఆయిల్ పోయండి, ఎక్కువ పోస్తే గాలికి అడ్డమవుతుంది.
2. ట్యాపెట్ క్లియరెన్స్, అంటే వాల్వుకీ దాన్ని నొక్కే భాగానికీ మధ్య సందు. ఎక్కువైతే వాల్వు ఆలస్యంగా తెరిచి ముందే మూసుకుంటుంది, గాలి తగ్గుతుంది. తక్కువైతే వాల్వు సీటు మీద కూర్చోదు, కాలిపోతుంది. ఆ సిలిండర్ కంప్రెషన్ పైన ఉన్నప్పుడు, పుస్తకం చెప్పినట్టు చల్లగానో వేడిగానో ఫీలర్ గేజితో సెట్ చేయండి.
3. పొగ గొట్టం. జనరేటర్ రూము నుంచి బయటికి తీయడానికి సన్నటి పైపు, మూడు నాలుగు వంపులు పెట్టి ఉంటే పాత పొగ పూర్తిగా పోక కొత్త గాలికి చోటు ఉండదు. పైపు లావు పెంచి వంపులు తగ్గించండి.
4. రేడియేటర్ వేడి గాలి మళ్లీ ఫిల్టర్‌లోకి తిరిగి రాకుండా మధ్యలో రేకు అడ్డం పెట్టండి.
5. ఆ తర్వాతే కంప్రెషన్ పరీక్ష.

కార్లలో గాలి ప్రవాహం కొలిచే మాఫ్ సెన్సర్ ఉంటే స్కానర్‌తో వీఈ సూటిగానే లెక్కేయొచ్చు. 1197 సీసీ పెట్రోలు ఇంజిన్, 4000 ఆర్‌పీఎం, యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కినప్పుడు నిమిషానికి 2394 లీటర్లు, సెకనుకి దాదాపు 40 లీటర్లు. 35 డిగ్రీల గాలి లీటరుకి 1.146 గ్రాములు, అంటే నిండుగా పీలిస్తే సెకనుకి 45.7 గ్రాములు. స్కానర్ 38 చూపితే 83 శాతం. మాప్ సెన్సర్ (గాలి ప్రెజర్ మాత్రమే కొలిచేది) మాత్రమే ఉన్న కార్లలో స్కానర్ చూపే గాలి అంకె కంప్యూటర్ ఊహించి వేసిందే, దాన్ని కొలతగా తీసుకోకండి.

## 11. రాసిపెట్టుకోవాల్సినవి, కొనేటప్పుడు అడగాల్సినవి

మెషీన్ పక్కన గోడ మీద ఒక కాగితం అంటించి నెలకోసారి ఇవి రాయండి.

- 5 నుంచి 7 కేజీలకి పట్టిన సెకన్లు
- లోడు మీద ఆర్‌పీఎం
- ఫిల్టర్ దగ్గర నీటి మట్టం తేడా
- ఫిల్టర్ దగ్గర వేడి, బయట వేడి
- ఇంటర్‌కూలర్ ప్రెజర్

సెకన్లు ఒక్కసారిగా పెరిగితే వాల్వు ప్లేటు విరిగి ఉండొచ్చు. నెలనెలా కొద్దికొద్దిగా పెరుగుతుంటే మసి, అరుగుదల.

అన్నీ చేసినా అంకె 50 దాటక, లైనరు కూడా అరిగిపోయి ఉంటే కొత్తది కొనడమే నయం. అప్పుడు డీలర్‌ని సీఎఫ్‌ఎం ఎంత అని మాత్రమే అడగొద్దు, చాలామంది స్వెప్ట్ వాల్యూమే చెబుతారు. "7 కేజీల దగ్గర ఎఫ్‌ఏడీ ఎంత, ఏ ఆర్‌పీఎం మీద, ఐఎస్‌ఓ 1217 (కంప్రెసర్ పరీక్షల ప్రమాణం) ప్రకారం కొలిచారా" అని అడిగి, ఆ అంకెని కొటేషన్ మీద రాయించుకోండి. మెషీన్ దించిన రోజే, డీలర్ మనిషి ఉండగానే, నాలుగో సెక్షన్‌లోని పరీక్ష చేసి, వచ్చిన సెకన్లు గోడ మీది కాగితంలో మొదటి వరుసలో రాసుకోండి.